కోసి దాచిన చెక్క

ఆ గొడుగుల కొట్టు తెల్లారి తెరుచుకోవడంలో ఎవరి పని వాళ్ళకుంది. గుమ్మానికి అడ్డంగా నిలబెట్టిన పొడుగాటి చెక్క పలకలను మామగారు ఒక్కొక్కటే గాడిలోంచి పైకెత్తి, వరస తప్పకుండా లోపలి గోడకు ఆనిస్తారు. నడుం పట్టేసినా సరే, ఆ పలకలను ఇంకొకరిని ముట్టుకోనివ్వరు. ఆయన కొడుకు మెట్టు కడిగి, అమ్మకానికున్న పొడుగు గొడుగులను బయట కొక్కేలకు వేలాడదీస్తాడు. ఇక కోడలు గుమ్మానికి కుడివైపునున్న చెక్క గోడలో తన కిటికీ తలుపు బయటికి తోసి, సూదులూ దారాలూ ఊచలూ ఉన్న రేకు డబ్బా ముందు పెట్టుకుని కూర్చుంటుంది. ఆమె సరిగ్గా కూర్చోకముందే ఎవరో ఒకరు కిటికీ చెక్క మీద రెండుసార్లు తడతారు.

ఆ రోజు తట్టింది పోస్టాఫీసు గుమాస్తా.

"కిటికీ అక్కా, దీని వాలకం చూడు. విప్పితే గబ్బిలం, ముడిస్తే చీపురుకట్ట."

"ఒక్క ఊచే కదండీ విరిగింది! అంతలోకే దాన్ని ఇన్ని మాటలంటారా? టీ తాగి రండి, అయిపోతుంది."

"పోయినసారీ ఇదే మాటన్నావు. టీ చల్లారకముందే చేసిచ్చావనుకో!" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ వీధిలో ఆమెను అందరూ కిటికీ అక్క అనే అంటారు. పెళ్ళై వచ్చిన కొత్తలో ఆ కిటికీ లేదు. కొట్టు వెనక చీకటి మూలలో కూర్చుని, పాడైపోయాయని పక్కన పడేసిన గొడుగులను తనంతట తనే విప్పి, కుట్టి, బాగుచేయడం నేర్చుకుంది. సాయంత్రమయ్యేసరికి కళ్ళు మంటలెత్తి నీళ్ళు కారేవి. ఒకరోజు మామగారు ఊళ్ళో లేనప్పుడు, భర్త మాటామంతీ లేకుండా రంపం తెచ్చి, ముందు గోడలోంచి చదరంగా ఒక ముక్క కోసేశాడు. ఒక్కసారిగా ఆమె ఒళ్ళోకి ఎండ పడింది. తిరిగొచ్చిన మామగారు ఆ కంత చూసి, ఆ వానాకాలమంతా కొడుకుతో మాట్లాడలేదు. "మనం గొడుగులు అమ్మినవాళ్ళమే గానీ, అతుకులు వేసినవాళ్ళం కాదు," అన్నది ఆయన చివరి మాట.

నోట్లో నాలుక లేని మనిషి, ఏ మాటకైనా 'చూద్దాంలే' అనే మనిషి, తన కోసం తండ్రి కోపానికి వెరవకుండా గోడ కోశాడు. ఆ ఒక్క పని చూసుకునే ఆమె ఇన్నేళ్ళూ అతని మిగతా చూద్దాంలేలన్నీ క్షమించేసింది. కూతురు ఆ కిటికీ అంచు పట్టుకునే నిలబడడం నేర్చింది. ఇప్పుడు హాస్టల్లో చదువుకుంటోంది.

గుమాస్తా గొడుగు ఇంకా ఆమె చేతిలో ఉండగానే, వీధి చివరనుంచి ఆడపడుచు గొంతు వినిపించింది. ఆ అమ్మాయి బడిలో డ్రాయింగు టీచరు. మనిషి కంటే గొంతు ముందొస్తుంది. వెనకాలే చంకలో టేపు పెట్టుకుని వడ్రంగి.

"నాన్నా! వీధి సంఘం వాళ్ళు ఒప్పుకున్నారు. పాత వీధికి పాత ముఖం తెచ్చే పని మన కొట్టుతోనే మొదలు!"

మామగారు గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచారు. ఆడపడుచు సంచిలోంచి పాత ఫొటో ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టింది. అందులో ఆయన తండ్రి, ఆ కొట్టు పెట్టిన మనిషి, పొడుగు నల్ల గొడుగు చేతికర్రలా పట్టుకుని నిలబడి ఉన్నాడు. వెనక కొట్టు ముఖం. చూరు కిందా గోడ మీదా లతల చెక్కడం, పలకల చుట్టూ రంగు అంచు, పైన చేత్తో రాసిన బోర్డు.

"ఇలాగే కావాలి," అన్నారు మామగారు. "ఒక్క మేకు కూడా తేడా రాకూడదు."

"అలాగైతే తర్వాత వచ్చినవన్నీ తీసెయ్యాలండీ. సంఘం వాళ్ళ షరతే అది," అన్నాడు వడ్రంగి. "ఈ రేకు పందిరి, ఈ ఫ్లెక్సీ, ఈ ట్యూబులైటు..." అతని వేలు ఒక్కొక్కదాన్నీ చూపిస్తూ వచ్చి, కోడలి ముఖం ముందు ఆగింది. "ఈ కిటికీ."

"కిటికీ తీసేస్తే నేనెక్కడ కూర్చోవాలి?" అంది కోడలు.

"లోపల బోలెడు చోటుంది కదా వదినా!"

"చోటుంది, వెలుతురే లేదు. అయినా వానలో పరిగెత్తేవాడు ఆగి, మెట్టెక్కి, ఇంత కొట్టు దాటి లోపలికొచ్చి, 'అమ్మా ఊచ విరిగింది' అంటాడా? పక్క సందులో ఇంకోటి కొనుక్కుని పోతాడు."

"అసలు ఈ రోజుల్లో గొడుగు బాగుచేయించుకునేవాళ్ళు ఎవరున్నారు చెప్పు?"

ఆ మాట పూర్తవకుండానే కిటికీ మీద రెండు తట్లు వినిపించాయి. కోడలు చెయ్యి చాచి ఆ గొడుగు అందుకుంది. వడ్రంగి నవ్వాపుకోలేక టేపు వంక చూశాడు. నిచ్చెన పట్టుకుని నిలబడ్డ భర్త మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు చూరు వైపు చూస్తూ ఉండిపోయాడు.

మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ అడిగింది. "ఏమండీ, అది మీరు కోసిన కిటికీ. మీరొక్క మాట అంటే చాలు."

"చూద్దాంలే."

"ఏం చూస్తారు? వడ్రంగి కొలతలు కూడా తీసుకుపోయాడు."

"నాన్నకు ఇది ఎంత ఇదో నీకు తెలుసుగా. అటు ఆయన, ఇటు నువ్వు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నేనేం చెయ్యను?"

"ఇందులో కప్పెవరో నాకు తెలుసు. పామెవరో మీరే ఆలోచించుకోండి," అని గిన్నె ఠపీమని కింద పెట్టింది.

మర్నాడు ఆమె మామగారితోనే తేల్చుకుందామని కూర్చుంది. వడ్రంగి ముందు గోడ దగ్గర చెక్కను వేలితో తట్టి చూస్తున్నాడు. ఆడపడుచు పక్కనే స్టూలు మీద కూర్చుని రంగులు కలిపి చూస్తోంది.

"మామయ్యా, లతలు చెక్కించండి, రంగులు వేయించండి, నేను కాదనను. కొట్టు నిజంగానే కళ తప్పింది. ఆ కిటికీ ఒక్కటీ వదిలెయ్యండి."

"అది ఫొటోలో లేదమ్మాయ్."

"ఫొటోలో నేనూ లేను మామయ్యా. మీ కొడుకూ లేడు."

"వదినా, మాట పెరుగుతోంది," అంది ఆడపడుచు.

"పెరగనీ. ఇన్నేళ్ళూ పెరగనివ్వకపోవడం నాదే తప్పు. మడత గొడుగులు వీధికి పది కొట్లలో వచ్చిపడ్డాక మన పొడుగు గొడుగు కొన్నవాడెవడు? బేరం లేని కొట్టుకు ఇంత సింగారమా? పైన పటారం, లోన లొటారం!"

మామగారి ముఖం ఎర్రబడింది. "ఆ కిటికీ మా నాన్న కట్టిన కొట్టు ముఖం మీద కత్తిగాటు. ఇన్నేళ్ళూ ఎదుటి వైపునుంచి నడిచి రావాలంటే నాకు తలకొట్టేసినట్టుండేది. నాలుగు దారప్పోగుల కోసం గోడకు కంత పెట్టుకున్నాడని నలుగురూ నవ్వుకుంటారని!"

"ఆ గాటులోంచే కదా మామయ్యా ఈ ఇంట్లోకి అన్నం వచ్చింది!"

ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ పైకి అనలేదు. తెలియక కాదు. తెలిసినదాన్ని అనకుండా ఉండడమే మర్యాద అనుకున్నారు. మామగారు, "అన్నం దెప్పుతావా?" అని మాత్రం అన్నారు.

ఆ ఇబ్బందిలో వడ్రంగి దగ్గి, గొంతు సవరించుకున్నాడు. "అసలు ఇంకో చిక్కుందండీ. ఈ గోడ పాత చెక్క. ఈ రకం ఇప్పుడెక్కడా దొరకడం లేదు. కంతలో కొత్త చెక్క వేస్తే ఎంత రంగు పూసినా అతుకు తెలిసిపోతుంది. పైగా సగం లత ఇక్కడ తెగిపోయింది, అది మళ్ళీ చెక్కినా కలవదు. సంఘంవాళ్ళతో మాట్లాడి, కిటికీ అలా వదిలెయ్యడమే నయమేమో."

కోడలికి ప్రాణం లేచొచ్చింది. మామగారు గోడ వంక చూస్తూ కూలబడ్డారు. పెద్దాయన ముఖం చూసి ఆమెకు జాలి కూడా వేసింది. సరిగ్గా అప్పుడు, ఇన్నాళ్ళూ ఏ మాటలోనూ కలగజేసుకోని భర్త మెల్లగా అన్నాడు.

"ఉంది."

"ఏముంది అన్నయ్యా?"

"ఆ ముక్క. కోసిన ముక్క. అటక మీదుంది."

అతను పైకెళ్ళాడు. పైన పెట్టెలు జరుపుతున్న చప్పుడు కింది దాకా వినిపించింది. కిందికొచ్చాక, పాత దుప్పటిలో చుట్టి, పురుగు పట్టకుండా వేపాకు పొడి చల్లి దాచిన చెక్కను బల్ల మీద విప్పాడు. లత తెగిన చోటు తెగినట్టే ఉంది. వెనక వైపు పెన్సిలుతో బాణం గుర్తు వేసి, పక్కన 'పై వైపు' అని రాసుంది. అతని చేతిరాతే. వడ్రంగి దాన్ని కంతలో పెట్టి చూశాడు. పాలల్లో నీళ్ళలా కలిసిపోయింది.

"భలే! ఎంత జాగ్రత్తగా ఉంచారండీ!" అన్నాడు వడ్రంగి. మామగారు కొడుకు భుజం మీద చెయ్యి వేశారు. అలా చెయ్యి వేసి ఎన్నేళ్ళైందో. కొడుకు ముఖం చిన్నపిల్లాడి ముఖంలా వెలిగింది.

కిటికీ మూసుకోగానే కోడలి ఒళ్ళో వెలుతురు పోయింది. ఆమె చెక్క వెనకనున్న ఆ బాణం గుర్తునే చూస్తూ ఉండిపోయింది.

అందరూ వెళ్ళాక వంటింట్లో అడిగింది. "కోసిన రోజే రాశారా, 'పై వైపు' అని?"

"ఊఁ."

"పొయ్యిలో పెట్టేశానన్నారు కదండీ నాతో!"

"నాన్న ఎప్పుడైనా మళ్ళీ పెట్టెయ్యమంటే... తలకిందులు కాకుండా ఉండాలని. భయం వేసింది. నీకోసం కోశానన్నది నిజం. ఆయనకు భయపడి దాచానన్నదీ నిజం. రెండూ నేనే. ఏం చెయ్యమంటావు?"

"మీరేమీ చెయ్యొద్దు. ఇన్నాళ్ళూ చేసింది చాలు." ఆమెకు ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననిపించింది. "మొదటిరోజునుంచీ నేను కూర్చున్నది కిటికీ దగ్గర కాదన్నమాట. మీరు మూయడం మర్చిపోయిన కంత దగ్గర. మీ నాన్న కోపంగా ఉన్నారని నాకు తెలుసు, తెలిసే కూర్చున్నాను. మీరు నా వైపున్నారనుకుని కూర్చున్నాను."

అతను తల దించుకున్నాడు. ఈసారి చూద్దాంలే అని కూడా అనలేదు.

మర్నాడు ఉదయం ఆమె రేకు డబ్బా తీసుకుని వీధి దాటింది. ఎదురుగా పుస్తకాలు కుట్టే అక్క కొట్టుంది. ఆమెది ఇరుకు కొట్టే గానీ విశాలమైన మనసు. "మెట్ల కింద కూర్చోవే తల్లీ. నీ సూదీ దారమే, నా సూదీ దారమే. పోట్లాడుకోవులే," అంది. ఇల్లు మాత్రం కోడలు వదల్లేదు. వేళకు వండింది, వడ్డించింది, పక్కలు వేసింది. కావలసిన మాట తప్ప ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. దానికన్నా ఆమె నాలుగు కేకలేస్తే బాగుండునని ఇంట్లో మగవాళ్ళిద్దరికీ అనిపించింది.

కొట్టు ముఖం తయారైంది. సంఘం వాళ్ళు వచ్చి ఫొటోలు తీసుకున్నారు. ఆడపడుచు చప్పట్లు కొట్టింది. మామగారు తన తండ్రి నల్ల గొడుగు చేతికర్రలా పట్టుకుని, ఫొటోలో తండ్రి నిలబడ్డ చోటే నిలబడ్డారు. ఇంతకాలం ఆ కొట్టును లోపలినుంచి చూడడమే గానీ, కోడలు ఎప్పుడూ ఎదురుగా కూర్చుని చూడలేదు. చూరు కింద లతలు, నీలం అంచు, పలకల నునుపు. కిటికీ ఉన్న చోట లత తెగకుండా సాగిపోయింది. అక్కడ ఎవరైనా కూర్చునేవాళ్ళంటే నమ్మడం కష్టం. నిజంగానే అందంగా ఉంది. పాడుబడినట్టున్నా బాగుండేది, తిట్టుకోవడానికైనా వీలుండేది అనుకుంది.

తర్వాత వానలు మొదలయ్యాయి. ఆమె కొత్త చోటు తెలిసినవాళ్ళు మెట్ల కిందికొచ్చారు. తెలియనివాళ్ళు ఏమయ్యారో ఆమె పట్టించుకోలేదు. ఒక సాయంత్రం వాన కుండపోతగా కురుస్తుంటే, మెట్ల చెక్క మీద రెండుసార్లు తట్టిన చప్పుడైంది. తలెత్తి చూస్తే మామగారు. తల మీదనుంచి నీళ్ళు కారుతున్నాయి. చేతిలో తండ్రి నల్ల గొడుగు, ఊచలు విరిగి, గుడ్డ వేలాడుతూ.

"గాలికి తిరగబడిందమ్మాయ్. చూస్తావా?"

ఆమె గొడుగు అందుకుని, తన తువ్వాలు ఆయన చేతికిచ్చింది. ఆయన తుడుచుకోలేదు. స్టూలు మీద కూర్చుని, ఆమె వేళ్ళు ఊచను వంచి, తీగ చుట్టి, గుడ్డను అంచుకు కుట్టడం కళ్ళార్పకుండా చూశారు. ఇన్నేళ్ళలో ఆయన ఆ పని చూడడం అదే మొదటిసారి.

"తడుతున్నారమ్మాయ్," అన్నారు ఉన్నట్టుండి.

"ఎవరు మామయ్యా?"

"అందరూ. వానొస్తే చాలు, అలవాటు కొద్దీ ఆ చెక్క మీద రెండుసార్లు తట్టి నిలబడతారు. నేను లోపలినుంచి 'లేదు, ఇక్కడ లేదు' అని అరుస్తాను. ఆ వాన చప్పుడులో వాళ్ళకు వినబడదు. తడిసి ముద్దై వెళ్ళిపోతారు. రోజంతా అదే చప్పుడు. మా నాన్న కొట్టులో ఇంతమంది తట్టేవాళ్ళున్నారని నాకు తెలియదు." ఆయన తువ్వాలు మడత పెట్టి, మళ్ళీ విప్పారు. "మీ అత్తయ్య చనిపోయిన ఏడాది నేను పలకలు తియ్యలేదు, గుర్తుందా? చీకట్లో గోడకు తిరిగి పడుకున్నాను. అప్పుడూ ఈ చప్పుడు వినబడుతూనే ఉండేది. విసుగొచ్చేది నాకు. ఆ పూట నా కంచంలోకి అన్నం ఎక్కణ్ణుంచి వచ్చిందని ఒక్కనాడూ అనుకోలేదమ్మా. ఏరు దాటి తెప్ప తగలేసినవాణ్ణి." అని తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు.

కోడలి చేతిలో సూది ఆగింది. ఆమెకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళూ రానివి ఇప్పుడొచ్చాయి.

"వచ్చెయ్యమ్మా. ఆ కిటికీ మళ్ళీ తీయిస్తాను."

"మీ మీద నాకు కోపముంది మామయ్యా, లేదనను. కానీ మీరు వద్దన్నారు, ముఖం మీదే వద్దన్నారు. అందులో మోసం లేదు. అది తీరే కోపమే." ఆమె దారం కొరికి, గొడుగు ముడిచి ఆయన చేతిలో పెట్టింది. "కాకపోతే, ఆ కిటికీ తీయాల్సింది మీరు కాదు."

ఆయనకు అర్థమైంది. వానలో గొడుగు విప్పుకుని వీధి దాటారు. ఇంటికెళ్ళి కొడుకుతో ఏమన్నారో ఆమెకు తెలియదు.

మర్నాడు వాన కాస్త తెరిపిచ్చాక రంపం చప్పుడు మొదలైంది. వీధి వీధంతా చూస్తుండగా, పట్టపగలు, భర్త మెట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని ఆ నీలం అంచు గోడను కోస్తున్నాడు. వడ్రంగి ఎక్కణ్ణుంచి వచ్చాడో గానీ నెత్తీ నోరూ బాదుకున్నాడు. "వేసిన రంగు కూడా సరిగ్గా ఆరలేదు! మీకేమైనా మతి పోయిందా?" ఆడపడుచు బడికి పోతూ పోతూ ఆగి, "అన్నయ్యా! సంఘం వాళ్ళు ఏమంటారు!" అని అరిచింది.

"చూద్దాంలే," అన్నాడతను, రంపం ఆపకుండా.

చెక్క ఊడి పడిపోకుండా లోపలినుంచి రెండు చేతులు దాన్ని పట్టుకుని ఉన్నాయి. ముడతలు పడ్డ చేతులు. పలకలను ఇంకొకరిని ముట్టుకోనివ్వని చేతులు.

ముక్క ఊడొచ్చాక అతను దాన్ని చంకన పెట్టుకుని వీధి దాటి వచ్చాడు. ఒంటి నిండా చెక్కపొట్టు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇది నా దగ్గరుండకూడదు," అన్నాడు. "నీ చేత్తోనే పొయ్యిలో పెట్టెయ్యి."

ఆమె చెక్కను తిప్పి చూసింది. బాణం గుర్తు అలాగే ఉంది. పొయ్యిలో పెడితే ఒక పూటతో అయిపోతుంది. దాన్ని తీసుకుని వీధి దాటింది. కొత్తగా తెరుచుకున్న కిటికీ కింద వాననీళ్ళు నిలిచి బురద బురదగా ఉంది. రంగు వేసిన వైపు కిందికి, పెన్సిలు రాత పైకి వచ్చేలా చెక్కను ఆ బురదలో పడేసింది.

"అదేంటి? మంచి చెక్క, నీళ్ళకు ఉబ్బిపోతుంది!" అన్నాడు వెనకాలే వచ్చిన భర్త, నోరు జారి.

"ఉబ్బాలనే." ఆమె దాని మీద ఎక్కి నిలబడింది. చెక్క బురదలోకి దిగింది. "ఇక్కడ నిలబడేవాళ్ళకు కాళ్ళు జారుతున్నాయి. ఉబ్బనివ్వండి, అరగనివ్వండి. ఇంక ఏ కంతకూ సరిపోదు."

అతను నడివీధిలో నిలబడే ఏడ్చేశాడు. ఆమె ఊరుకోబెట్టలేదు. అలాగని అక్కణ్ణుంచి వెళ్ళిపోనూ లేదు. కాసేపయ్యాక, "రేకు డబ్బా తేనా?" అన్నాడతను.

"నేనే తెచ్చుకుంటాను. అక్కడ గొడుగులిచ్చినవాళ్ళ పని అయ్యాకే వస్తాను. మీరు వెళ్ళి ముందా ముఖం కడుక్కోండి."

మధ్యాహ్నానికి ఆమె కిటికీ దగ్గర కూర్చుంది. ఒళ్ళోకి మబ్బు పట్టిన వెలుతురు పడింది. మొదట వచ్చింది పోస్టాఫీసు గుమాస్తా. అలవాటుగా తట్టబోయి, కిందికి చూసి, కాలు వెనక్కి తీసుకున్నాడు.

"అక్కా, దీని మీద 'పై వైపు' అని ఏదో రాసుందే. తొక్కొచ్చా?"

"తొక్కడానికే వేశాను," అంది ఆమె, గొడుగు కోసం చెయ్యి చాస్తూ. "గట్టిగా తొక్కండి."